పదిహేను అంకెల నూకరత్నం

వెలగవాడ పురపాలక సంఘంలో నీళ్ళ వాల్వులు తిప్పే మనుషులు ముప్పై ఆరుగురు. వాళ్ళ దగ్గర ముప్పై ఆరు బటన్ ఫోన్లు ఉన్నాయి. పన్నెండేళ్ళ కిందట అందరికీ ఒకే టెండరులో కొన్నారు. ఆ ఫోన్లు చేసిన కంపెనీ పేరు మొదటి వేసవిలోనే చెమటకి చెరిగిపోయింది గాని, ఫోన్లు మాత్రం చెక్కుచెదరలేదు. కాలవలో పడ్డాయి, సాంబారులో పడ్డాయి, ఒకటి గేదె కాలి కింద పడింది. తీసి తుడిస్తే మళ్ళీ మోగేవి.

ఏడో వార్డు మేదరవీధి వాల్వు నూకరత్నానిది. మొగుడు పోయాక అతని పని ఆమెకిచ్చారు. పదకొండేళ్ళుగా తెల్లవారి ఐదున్నరకి ఆ వీధికి నీళ్ళు వదిలేది ఆమే. అది మొండి వాల్వు. ముందు గోతిలోకి ఇనపకడ్డీ దింపి, కడ్డీ పైకొసకి చెవి ఆనించి వినాలి. గుటగుటమంటే గొట్టంలో ఉన్నది గాలి, ఆగాలి. తుమ్మెద పాడినట్టు జుమ్మంటే ట్యాంకు నీళ్ళు వచ్చినట్టు. అప్పుడు మూడున్నర చుట్లు తిప్పి, అర చుట్టు వెనక్కి తిప్పి, ఎడమ పక్క కాలితో ఒక్కటివ్వాలి. ఇదంతా ఏ ఫైలులోనూ లేదు. మొగుడు చెప్పింది కొంత, వాల్వు చెప్పింది కొంత.

ఈ కథ మొదలైన సోమవారం నాడు నూకరత్నం మనసు వాల్వు మీద లేదు, శుక్రవారం మీద ఉంది. నలభై కిలోమీటర్ల అవతల ఆమె తమ్ముడు పైడిరాజు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం శుక్రవారం ఉదయం ఆరూ పదికి. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. పైడిరాజుకి ఉన్న ఆడపడుచు నూకరత్నం ఒక్కతే.

"అక్కా, నువ్వు రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించను," అన్నాడు తమ్ముడు ఫోనులో.

"వెలిగించకపోతే ఏం తింటావురా?"

"హోటల్లో తింటాను. ఏడాదైనా సరే."

వాడు అన్నంత పనీ చేసే రకం. చిన్నప్పుడు గాలిపటం తెగిపోయిందని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడని వాడు. అందుకని శుక్రవారానికి ఒక్క రోజు సెలవు రాయించి పెట్టుకుంది నూకరత్నం. పదకొండేళ్ళలో ఇది నాలుగోది.

సరిగ్గా ఆ సోమవారమే కమిషనరు విశ్వపతిగారు మూడు రోజుల శిక్షణ ముగించుకుని ఊళ్ళోకొచ్చారు. శిక్షణలో మొదటి రోజు పరిచయాలట. రెండో రోజు గ్రూపు ఫొటో అట. మూడో రోజు భోజనాల బండి ఆలస్యమైతే, పాఠం చెప్పే ఆయన కాలక్షేపానికి తన జేబులోంచి ఓ పాత ఫోను తీసి, స్టారూ హాషూ కలిపి ఏవో అంకెలు నొక్కి, లోపల దాగి ఉన్న మెనూ ఒకటి తెరిచి చూపించాడట. ఫోను తయారుచేసిన రోజు దాని తెరా మోతా మీటలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేందుకు కంపెనీవాళ్ళు పెట్టుకున్న మెనూ అది. కొన్నవాళ్ళకి దాని సంగతి చెప్పరు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. అందరూ చూసి "ఓహో" అని భోజనాలకి లేచారు. విశ్వపతిగారు లేవలేదు.

మధ్యాహ్నం మూడింటికి మీటింగు హాల్లో సిబ్బందినందరినీ కూర్చోబెట్టారు.

"మిత్రులారా!" అన్నారాయన. "మనం ఇన్నాళ్ళూ చూస్తున్నది పైమెనూ. పరిపాలన యొక్క ఆత్మ లోపలి మెనూలో నిక్షిప్తమై ఉన్నది. పన్నెండు సంవత్సరములుగా మీ జేబులలో ఒక తనిఖీ వ్యవస్థ నిద్రాణమై ఉండగా, ఈ పురపాలక సంఘం దానిని మేల్కొల్పలేదు. ఇది క్షమించరాని పరిపాలనా లోపం."

ముప్పై ఆరుగురూ జేబులు తడుముకున్నారు. నూకరత్నం ఫోను బొడ్లో ఉంటుంది. అక్కడ తడుముకుంది.

"అయ్యా, ఫోను బానే ఉందండి. మోగుతోంది," అన్నాడు ఇరవై రెండో వార్డు గవిరయ్య.

"మోగుట వేరు, మోగునని ధ్రువీకరింపబడుట వేరు," అన్నారు కమిషనరుగారు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ నంబరు ఒకటి వచ్చింది. ప్రతి ఉద్యోగీ విధిలో చేరడానికి ముందు ప్రతిరోజూ లోపలి మెనూ తెరిచి పదిహేను పరీక్షలూ జరపాలి. తెర ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతోందా? ఫోను వణుకుతోందా? మోగుతోందా? వెనక దీపం వెలుగుతోందా? మీటలన్నీ నొక్కుడు పడుతున్నాయా? మన గొంతు మనకి తిరిగి వినిపిస్తోందా? ఇలాగ పదిహేను. అన్నీ పాసైతేనే వాల్వు ముట్టుకోవాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి.

మంగళవారం తెల్లవారి మేదరవీధిలో బిందెలు బారులు తీరాయి. నూకరత్నం వాల్వు గోతి పక్కన గొంతుక్కూర్చుని, సీనియర్ అసిస్టెంటు సన్యాసిరావు రాసిచ్చిన చీటీ చూసుకుంటూ ఒక్కో అంకె నొక్కుతోంది. మూడుసార్లు తప్పు పడింది. నాలుగోసారి తెర ఎర్రబడింది.

"నీళ్ళొదలమంటే ఫోనుతో ఆటలేటే రత్నం?" అంది మొదటి బిందె బంగారమ్మ. ఆ వీధిలో మొదటి బిందె ఎప్పుడూ బంగారమ్మదే. రాత్రే తెచ్చి పెట్టేస్తుంది.

"ఆటలు కావే. పరీక్షలు. ఇదిగో, పచ్చబడింది."

"పచ్చబడితే నీళ్ళొస్తాయేటి?"

"ఇంకా నీలంబడాలి."

నీలంబడింది. తరవాత ఫోను గజగజా వణికింది. చెయ్యి జారి గోతిలో పడింది. తీసి తుడిస్తే మళ్ళీ ఎర్రనుంచి మొదలు. మీటల పరీక్షలో ఐదో అంకె నొక్కుడు పడలేదు. పిన్నీసుతో గోకితే పడింది. చివరగా గొంతు పరీక్ష. చీటీలో "మాట్లాడి వినవలెను" అని ఉంది. నూకరత్నం ఫోను చెవిన పెట్టుకుని, "ఎవరండీ?" అంది.

"ఎవరండీ?" అంది ఫోను.

"నేను ఏడో వార్డు నూకరత్నాన్నండి."

"నేను ఏడో వార్డు నూకరత్నాన్నండి."

"నువ్వు నూకరత్నానివేటి! నూకరత్నాన్ని నేను!"

ఫోను కూడా అంతే గట్టిగా అరిచింది. ఇద్దరు నూకరత్నాలూ కాసేపు పోట్లాడుకున్నాక, సన్యాసిరావు సైకిలు మీద అటుగా వెళ్తూ అది నీ గొంతేనని చెప్పాడు.

"నా గొంతు అంత దరిద్రంగా ఉంటుందా బాబూ?" అంది నూకరత్నం.

"ఉంటుంది," అంది బంగారమ్మ బిందె మీద కూర్చుని. "పదకొండేళ్ళనుంచి వింటున్నాను గదా."

ఆ రోజు నీళ్ళు ఎనిమిదింబావుకి వచ్చాయి. పిల్లలు మొహాలు కడుక్కోకుండా బళ్ళకెళ్ళారు. కమిషనరుగారి డైరీలో మాత్రం "పరీక్షలు పదిహేను, ఉత్తీర్ణత నూటికి నూరు" అని రాసి ఉంది.

బుధవారం నాడు సర్క్యులర్ నంబరు రెండు వచ్చింది. ఇది ఇంకా లోతైనది. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కితే ప్రతి ఫోనూ తన సొంత నంబరు చూపిస్తుంది. పదిహేను అంకెలు. లోకంలో ఏ రెండు ఫోన్లకీ ఒకే నంబరు ఉండదని శిక్షణలో చెప్పారట. పేర్లలా కాదు. పేర్లైతే ఒకే ఆఫీసులో ఇద్దరు అప్పారావులుంటారు, ఒకరి చీవాట్లు ఇంకొకరికి పోతాయి. కాబట్టి హాజరు పుస్తకం రద్దు. ఇకమీదట ఉద్యోగి అంటే ఆ పదిహేను అంకెలే. పేరా నాలుగు ఇలా ఉంది: "ఫోను ఎచట ఉన్నదో ఉద్యోగి అచట ఉన్నట్లుగా భావించవలెను."

కంప్యూటరులో నంబరు ఎక్కనివారికి సెలవు లేదని తెలిసి నూకరత్నం అందరికన్నా ముందెళ్ళి వరసలో నిలబడింది. సన్యాసిరావు ఆమె ఫోనులో అంకెలు చూసి, రెండు వేళ్ళతో కంప్యూటరులో ఎక్కించాడు.

"అయిపోయింది. ఇంక నువ్వున్నావు," అన్నాడు.

"శుక్రవారం సెలవు బాబూ?"

"ఉండు, మిగతావాళ్ళు కూడా ఉండనీ."

రెండోవాడు గవిరయ్య. సన్యాసిరావు అంకెలు కొట్టాడు. కంప్యూటరు టింగుమంది. "ఈ ఉద్యోగి ఇదివరకే ఉన్నారు: నూకరత్నం" అని తెర మీద పడింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ నూకరత్నమే. గవిరయ్య మీసం దువ్వుకుని తెరలోకి తొంగిచూశాడు.

"నేను రత్నమ్మనేటండి?"

"ఆగవయ్యా." మూడోవాడిది కొట్టాడు. నూకరత్నం. నాలుగోవాడిది. నూకరత్నం. మధ్యాహ్నానికి ముప్పై ఆరు ఫోన్లూ పక్కపక్కన పరిచి చూస్తే, ముప్పై ఆరింటిలోనూ ఒకే పదిహేను అంకెలున్నాయి. చవక టెండరు. ఫోన్లు చేసినవాడు ఒక్క నంబరు రాసుకుని అన్నిటికీ అదే అచ్చు గుద్ది పంపేశాడు. పన్నెండేళ్ళలో ఎవరూ చూడలేదు, ఎవరికీ నష్టం కలగలేదు.

"సార్, ఫోన్లు తప్పండి," అన్నాడు సన్యాసిరావు కమిషనరుగారి గదిలోకెళ్ళి. నూకరత్నం సెలవు కాయితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

విశ్వపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ఫోన్లు పరీక్షలు పాసయ్యాయా?"

"అయ్యాయండి. పదిహేనూ."

"మనుషులు?"

"ఏంటండి?"

"ఆ ముప్పై ఆరుగురు మనుషులు ఏమైనా పరీక్ష పాసయ్యారా?"

సన్యాసిరావు ఆలోచించాడు. "గవిరయ్య ఏడో తరగతి పాసయ్యాడండి."

"నేను అడుగుతున్నది నేటి పరీక్షల గురించి. ఒక పక్క పదిహేను పరీక్షలలో నూటికి నూరు వచ్చిన ఫోన్లు. ఇంకో పక్క ఏ పరీక్షకీ నిలబడని మనుషులు. ఫోన్లు ఒక్క ఉద్యోగి అంటున్నాయి. మనుషులు ముప్పై ఆరుగురం అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో మీరే చెప్పండి."

సన్యాసిరావుకి పదవీ విరమణ ఇంకా నాలుగేళ్ళుంది. "ఫోన్ల మాటే అండి," అన్నాడు.

ఆ రకంగా బుధవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి వెలగవాడ నీటి విభాగంలో ఉద్యోగుల సంఖ్య ఒకటి అయ్యింది. ఆ ఒకటి నూకరత్నం. ముందు వరసలో నిలబడిన పాపానికి.

గురువారం తెల్లవారి ముప్పై ఆరుగురూ అలవాటు చొప్పున ముప్పై ఆరు వాల్వులూ తిప్పారు. ఏ ఫోను ఏ వాల్వు దగ్గరుందో సన్యాసిరావు ఎక్కించగానే, కంప్యూటరు దాన్ని తన లెక్కలో చూసుకుంది. నూకరత్నం అనే ఉద్యోగి ఐదున్నరకి ఏడో వార్డులో ఉంది, అదే ఐదున్నరకి ఇరవై రెండో వార్డులో ఉంది, అదే ఐదున్నరకి కొండ మీద ట్యాంకు దగ్గరా ఉంది. ఈ నివేదిక పైఆఫీసుకి వెళ్ళింది. పదింటికల్లా ప్రాంతీయ డైరెక్టరుగారి దగ్గరనుంచి ఫోను.

విశ్వపతిగారు నిలబడి మాట్లాడారు. "అవును సార్... ఒక్కరే సార్... మహిళ సార్... ఒకే సమయంలో సార్... తమ ఆశీర్వాదం సార్." ఫోను పెట్టేసి, సన్యాసిరావుకి సంగతి చెప్పారు. డైరెక్టరుగారు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇలాంటి పనితనం ఎరగరట. రేపు శుక్రవారం తెల్లవారి స్వయంగా వచ్చి చూస్తారట. షీల్డు కూడా తెస్తారట.

వెంటనే ముప్పై అయిదుగురినీ పిలిపించారు.

"మీరు రికార్డుల ప్రకారం లేరు. లేనివారు రేపు ఊళ్ళో కనిపించుట సభ్యత కాదు. డైరెక్టరుగారు వెళ్ళేవరకు పొలిమేర దాటి ఉండండి."

"మరి వాల్వులెవరు తిప్పుతారండి?" అన్నాడు గవిరయ్య.

"ఇప్పటివరకు ఎవరు తిప్పారు?"

"మేమేనండి."

"రికార్డు చూసి చెప్పండి."

గవిరయ్య రికార్డు చూశాడు. "రత్నమ్మేనండి," అన్నాడు నీరసంగా.

వాళ్ళు బయటికి పోయాక నూకరత్నం లోపలికొచ్చింది. "బాబూ, రేపు నా సెలవు."

"అసాధ్యం!" విశ్వపతిగారు నిజంగా అదిరిపడ్డారు. "నిబంధన ప్రకారం ఒకేరోజున పది శాతం కంటే ఎక్కువ సిబ్బందికి సెలవు ఇవ్వరాదు. నువ్వు నూరు శాతం. నూరు శాతం సిబ్బందికి ఒకేరోజు సెలవు ఈ రాష్ట్రంలో ఏ కమిషనరూ ఇవ్వలేదు."

నూకరత్నం కళ్ళముందు తమ్ముడు హోటల్లో ఇడ్లీ తింటూ కనిపించాడు. ఏడాదిపాటు. పక్కన మరదలు, పిల్లలు. వెలగని పొయ్యి. ఆమెకి ఏడుపొచ్చింది గాని, ఏడిస్తే అది కూడా కంప్యూటరులో ఎక్కిస్తారేమోనని మింగేసింది. నిలబడి ఆలోచించింది.

"బాబూ, నేను ముప్పై ఆరుగురి పని చేస్తున్నానంటున్నారు గదా."

"చేస్తున్నావు. నిస్సందేహంగా."

"అయితే నేను ముప్పై ఆరుగురి పెట్టు. అందులో పది శాతం ఎంతవుద్దండి?"

కమిషనరుగారు సన్యాసిరావు వంక చూశారు. సన్యాసిరావు చేతివేళ్ళు మడిచాడు. "మూడున్నర పైచిలుకండి. భిన్నం వదిలేస్తే మూడు."

"ఆ మూడు పాళ్ళ నన్ను సెలవు మీద పంపండి. మిగతా ముప్పై మూడు పాళ్ళూ మీ దగ్గరే ఉంటాయి," అంది నూకరత్నం.

విశ్వపతిగారు ముందు నుదురు ముడిచారు, తరవాత నిబంధనల పుస్తకం తీశారు, ఓ పేజీ చదివారు, వెనక పేజీ కూడా చదివారు. మెల్లగా ఆయన మొహం వికసించింది.

"నిబంధనకి అడ్డు లేదు," అన్నారు. "డైరెక్టరుగారికి ముప్పై మూడు పాళ్ళు చాలు."

"చాలండి," అన్నాడు సన్యాసిరావు.

ముప్పై ఆరింట మూడు పాళ్ళకు సెలవు మంజూరైంది అని సంతకం పెట్టి, తేదీ వేసి, సీలు గుద్దారు. సెలవులో ఉండే చోట చిరునామా, ఫోను నంబరు అని ఉన్న గడుల్లో సన్యాసిరావు పైడిరాజు వివరాలు రాసుకున్నాడు. నూకరత్నం ఆ కాయితం మడిచి రవికలో పెట్టుకుని, బొడ్లోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటి?" అన్నారు కమిషనరుగారు.

"మిగతా నేనండి. ఫోనెక్కడుంటే ఉద్యోగి అక్కడున్నట్టని మీరే రాశారు గదండి. పేరా నాలుగు. ఐదో అంకె దగ్గర పిన్నీసు వాడాలి బాబూ. వెళ్ళొస్తాను."

విశ్వపతిగారు సర్క్యులర్ తీసి చూసుకున్నారు. పేరా నాలుగు ఉంది. కింద సంతకం తనదే. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, వాత్సల్యంగా స్టార్ నొక్కారు.

బస్టాండులో గవిరయ్యా, మిగతా ముప్పై నలుగురూ సంచులు పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడి ఉన్నారు. పొలిమేర దాటమన్నారు గాని ఎక్కడికో చెప్పలేదు.

"మీ తమ్ముడింట్లో భోజనాలున్నాయా రత్నమ్మా?" అన్నాడు గవిరయ్య.

"ఉన్నాయి. కానీ ముప్పై అయిదుగురంటే..."

"మేం లేం గదా. లేనివాళ్ళం ఎంత తింటాం?"

నూకరత్నం అందరినీ బస్సెక్కించింది.

శుక్రవారం తెల్లవారింది. పైడిరాజు కొత్తింటికి సున్నం వాసన ఇంకా పోలేదు. గుమ్మానికి మామిడాకులు, వాకిట్లో షామియానా, షామియానా కింద ముప్పై అయిదుగురు లేని మనుషులు ఉప్మా తింటూ ఉన్నారు. వంటింట్లో ఇటుకలు పేర్చి కొత్త పొయ్యి వేశారు. దాని మీద పసుపు రాసిన ఇత్తడి గిన్నె. నూకరత్నం ఆరింటికి పొయ్యి వెలిగించి, పాలు పోసి, ఎదురుగా కూర్చుంది. పాలు తూర్పువైపు పొంగితే మంచిదని, గిన్నె కింద ఓ పక్క చిన్న రాతిముక్క కూడా పెట్టింది. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

ఆరూ నాలుగుకి పైడిరాజు ఫోను మోగింది. వాడు తీసి విని, మొహం అదోలా పెట్టుకుని స్పీకరు నొక్కి అక్క ముందు పెట్టాడు.

"నూకరత్నం!" సన్యాసిరావు గొంతు. "ఐదున్నరనుంచీ మేదరవీధిలో ఉన్నాం. డైరెక్టరుగారు కూడా ఉన్నారు. పదిహేను పరీక్షలూ మూడుసార్లు చేశాం. నీ ఫోను ఎర్రబడింది, పచ్చబడింది, మోగింది, వణికింది. వాల్వు మీద పెట్టి కూడా వణికించాం. నీళ్ళు రావటంలేదు."

"అదెలా వస్తాయి బాబూ?"

"డైరెక్టరుగారు గొంతు పరీక్ష పెట్టి, నీళ్ళెప్పుడొస్తాయి అని ఫోనుని అడిగారు."

"ఏమంది?"

"నీళ్ళెప్పుడొస్తాయి అని అదీ అడిగింది."

వెనకనుంచి బంగారమ్మ గొంతు ఖంగున వినిపించింది. "ఆ ఫోనుకి బిందె కూడా ఇవ్వండి, నా వెనకాల నిలబడుద్ది!"

ఫోను చేతులు మారింది. "నేను కమిషనరుని. వాల్వుకి లోపలి మెనూ ఉందా? కోడ్ ఏమిటి? తక్షణం తెలియజేయి."

"వదినా, పాలు వేడెక్కుతున్నాయి," అంది మరదలు.

"అమ్మా, ముహూర్తానికి అయిదు నిమిషాలు," అన్నారు పురోహితులు.

నూకరత్నం గరిటె కింద పెట్టింది. కళ్ళు గిన్నె మీద, నోరు ఫోను దగ్గర. "బాబూ, కడ్డీ గోతిలో ఉందా?"

"ఉంది."

"పైకొసకి చెవి పెట్టండి."

"ఎవరి చెవి?"

"మీదేనండి."

గెజిటెడ్ అధికారి వీధి మధ్య మోకాళ్ళ మీద కూర్చునేటప్పుడు అయ్యే చప్పుళ్ళు కొన్ని వినిపించాయి. వీధివీధంతా నవ్విన చప్పుడు కూడా.

"గుటగుటమంటోంది," అన్నారు విశ్వపతిగారు.

"గాలండి. ఆగండి. చెవి తియ్యకండి."

పాల అంచున చిన్న చిన్న బుడగలు కట్టాయి. షామియానాలోంచి గవిరయ్యా వాళ్ళూ ఉప్మా పళ్ళేలతోనే వచ్చి కిటికీ దగ్గర గుమిగూడారు. పురోహితులు కూడా మంత్రం ఆపి చెవి ఒగ్గారు.

"నూకరత్నం," ఫోనులో గొంతు మారిపోయింది. ఆజ్ఞ లేదు, సర్క్యులర్ లేదు. "ఇదేమిటి... జుమ్మంటోంది. తుమ్మెదలాగ."

"వచ్చేశాయి బాబూ! తిప్పండి! మూడున్నర చుట్లు!"

"ఒకటి... రెండు... బిగిసిపోయింది!"

"బిగవదండి, బెదిరిస్తుంది. తిప్పండి!"

"మూడు... మూడున్నర!"

"అర చుట్టు వెనక్కి. ఇప్పుడు ఎడమ పక్క కాలితో ఒక్కటివ్వండి!"

"ప్రభుత్వ ఆస్తిని..."

"తన్నండి బాబూ!"

ధన్‌మని చప్పుడైంది. ఆ చప్పుడుకే పొంగినట్టు పాలు గిన్నె అంచు దాటి తూర్పువైపు జారాయి. ఫోనులో కుళాయిలన్నీ ఒక్కసారి బుసకొట్టాయి. ఆడవాళ్ళ కేకలు, బిందెల మోత. ఇక్కడ పురోహితులు "పొంగింది, పొంగింది" అని గిన్నెలో బియ్యం పోయించారు. పైడిరాజు కళ్ళు తుడుచుకుని, పొగ అన్నాడు. ఆరూ పది.

"అద్భుతం," అంది ఫోనులో ఇంకో గొంతు. బరువైనది, తడిసినది. డైరెక్టరుగారు కుళాయికి ఎదురుగా నిలబడ్డట్టున్నారు. "కమిషనరుగారూ, మిగతా ముప్పై అయిదు వాల్వులు ఎవరు తిప్పుతున్నారు?"

"ఈవిడే సార్."

"ఈవిడ అక్కడ పాలు పొంగిస్తోంది గదా!"

"మూడు పాళ్ళే సార్," అన్నారు విశ్వపతిగారు గాని, ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు.

"మనుషులేరండీ? మిగతా మనుషులు!"

"లేరు సార్."

కిటికీలోంచి గవిరయ్య తల లోపలికి పెట్టాడు. "ఉన్నామండి. ఉప్మా తింటన్నాం."

ఆ తరవాత జరిగింది వెలగవాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిషనరుగారూ డైరెక్టరుగారూ కారులో వార్డు వార్డుకీ తిరగడం, ఒక్కో వాల్వు దగ్గర దిగి పైడిరాజుకి ఫోను చేయడం, ఇక్కడ షామియానా కిందనుంచి ఆ వార్డు మనిషి లేచి వచ్చి చెప్పడం. పదో వార్డు వాల్వుకి కడ్డీ మీద ఇద్దరు వేలాడాలి. పదిహేడో దానికి తడిగుడ్డ చుట్టాలి.

"ఇరవై రెండో దాన్ని ముందు తిట్టాలండి," అన్నాడు గవిరయ్య.

"తిట్టడం దేనికి?" అన్నారు డైరెక్టరుగారు.

"దేనికో తెలీదండి. తిట్టకుండా ఎప్పుడూ తిప్పలేదు."

డైరెక్టరుగారు ఇంగ్లీషులో తిట్టారు. రాలేదు. తెలుగులో తిడితే వచ్చింది.

ముప్పై ఆరో వాల్వు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. అప్పటికి ఇక్కడ భోజనాలు మూడో బంతి. షీల్డు కారులోనే ఉండిపోయింది. ఎవరికివ్వాలో తెలియక డైరెక్టరుగారు తిరిగి పట్టుకుపోయారు.

శనివారం ఉదయం సర్క్యులర్ నంబరు మూడు వచ్చింది. నీటి విభాగంలో అదనంగా ముప్పై అయిదుగురు ఉద్యోగులు "కనుగొనబడినారు" అని, ఒకటీ రెండూ సర్క్యులర్లు రద్దనీ, హాజరు పుస్తకంలో పాతపేర్లే రాసుకోవాలనీ దాని సారాంశం. సన్యాసిరావు హాజరు పుస్తకం దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. ఇద్దరు అప్పారావులూ ఒకరి గడిలో ఒకరు సంతకం పెట్టారు. అంతా మామూలైంది.

నూకరత్నం తన ఫోను తెచ్చుకుందామని కమిషనరుగారి గదికి వెళ్ళింది. బుట్టలో కొత్తింటి అరిసెలు కూడా ఉన్నాయి. తలుపు తోస్తే, విశ్వపతిగారు కుర్చీలో లేరు. గది మూల ఇనప బీరువా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ బీరువా నిండా మూడేళ్ళుగా కదలని ఫైళ్ళు.

"ఏటి బాబూ, ఏం వినిపిస్తోంది?" అంది నూకరత్నం మెల్లగా.

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని, ఇంకాసేపు విన్నారు.

"గుటగుటమంటోంది," అన్నారు.

"గాలండి," అంది నూకరత్నం, అరిసెలు బల్ల మీద పెడుతూ. "ఎడమ పక్క తన్ని చూడండి."